ఏటి అవతల చట్టం

ఆ ఉదయం ఆకాశం నీళ్లు కలిపిన పాలలా ఉంది. వాన లేదు, ఎండా లేదు. ఓర్విల్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి నా ట్రక్కు ఎక్కాడు. ఏడేళ్ల తర్వాత ఏటి అవతలున్న చెల్లెలు నేడీన్ ఇంటికి భోజనానికి వెళ్తున్నాడు.

ఆమె భర్తను పూడ్చిన రోజు ఓర్విల్ ఏరు దాటలేదు. మా కెంటకీలో నడుముకి తుపాకి పెట్టుకుని అంగడికైనా పోవచ్చు. అవతల ఇల్లినాయిలో అలా పైకి పెట్టుకోకూడదు. "తియ్యమంటే నేను రాను" అని రేవు నుంచే వెనక్కి తిరిగాడు. ఆమె మరవలేదు. ఈ వేసవిలో ఉత్తరం రాసింది: శనివారం పన్నెండింటికి వడ్డిస్తాను, రాకపోతే మళ్లీ పిలవను.

మా ట్రక్కును ఎక్కించుకున్న బల్లకట్టు ఒహాయో నది సగం దాటింది. దాని మీద పనిచేసే డార్లా మా కిటికీలోకి వంగింది.

"తాతా, నడుము చూసుకున్నావా?"

ఓర్విల్ చూసుకున్నాడు. రివాల్వర్ అక్కడే ఉంది. నలభై ఏళ్ల అలవాటు, బెల్టుతో పాటే వచ్చేసింది. పక్కనే కూర్చున్న నా కంటికీ ఆనలేదు. మా దగ్గర అది కళ్లజోడు లాంటిది.

"ఒట్టు, మర్చిపోయానే!"

"ఆ మాట అక్కడి షెరీఫుకి చెప్పు. పాపం, ఏడుస్తాడు."

"ఏరింకా మన కెంటకీదేగా?"

"మనదే, అదిగో ఆ రాళ్ల దాకా. మిస్సోరీలో తుపాకి పెట్టుకుంటే అడిగేవాడు లేడు, ఇండియానాలో లేడు. మధ్యలో ఈ ఇల్లినాయి వాళ్లొక్కళ్లే ఇలా. గుళ్లు తీసేసి మూత పడే దాంట్లో పెట్టు. లేదంటే దిగకు, వెనక్కి తీసుకుపోతా. రేవులో వరస చూశావుగా, మళ్లీ ఎక్కేసరికి ఒంటిగంట."

ఓర్విల్ వెనక గట్టు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. సీటు కింది నుంచి గాలాల పెట్టె లాగి మా మధ్య పెట్టాను.

"దీన్ని తీసుకెళ్లి వానపాముల పక్కన పడుకోబెట్టమంటావా, క్లైడ్?"

"రబ్బరువేలే. కరవవు."

ఆరు గుళ్లూ తీసి ట్రక్కు డాష్‌బోర్డు అరలో వేశాడు. తుపాకిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, మూత తనే నొక్కాడు. బల్లకట్టు గట్టుకు తగిలింది.

నేడీన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. అన్న మొహం కంటే ముందు నడుము చూసింది. ఓర్విల్ చెయ్యి అక్కడికే పోయి, ఏమీ దొరక్క, డొక్క గోక్కుంది.

"ట్రక్కులో ఉంది. పెట్టెలో."

"నేనడిగానా?"

"లేదు."

"లావయ్యావు."

"నువ్వు ముసల్దానివయ్యావు."

"చేతులు కడుక్కో అన్నయ్యా. నువ్వూ రా క్లైడ్. చల్లారిపోతాయి."

తలలు వంచి దేవుణ్ణి తలుచుకున్నాం. పంది ఎముక వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, టమాటా ముక్కలు. నేడీన్ అన్న పళ్లెంలో అతనికిష్టమైన రొట్టె అంచు ముక్క వేసింది. అతను తిన్నాడు. ఇంకోటి వేసింది.