పేర్లు కలిపే పని

నేను ఒక చిన్న ప్రోగ్రాము ముక్కను. ఒకే మనిషి పేరు నలుగురు నాలుగు రకాలుగా రాస్తే, అవన్నీ ఒకరివేనని పట్టుకోవడం నా పని. అమలాపురంలో ఒక కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఇందుమతి నన్ను రాసింది. అక్కడ సత్తెమ్మ అనే ముసలావిడకి సత్యమ్మ, సత్తియమ్మ అని ఇంకో రెండు చీట్లు ఉండేవి. ఏ కంటికి ఆపరేషనయిందో ఏ చీటీలో ఉందో తెలియక డాక్టరు విసుక్కునేవాడు. నేను వచ్చాక మూడూ ఒకటయ్యాయి.

ఆ సంగతి విని చుట్టుపక్కల ఆసుపత్రులవాళ్లు నన్ను అడిగారు. ఇందుమతి కాదనకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఇంకో పదకొండు చోట్ల ఉన్నాను. ఎక్కడివాళ్లు అక్కడ నన్ను తమకు తోచినట్టు మార్చుకున్నారు. తర్వాత ఉద్యోగాలు మారి వెళ్లిపోయారు. ఏం మార్చారో ఎక్కడా రాసిపెట్టలేదు.

ఒకరోజు తుని నుంచి ఎస్తేరు అనే నర్సు ఫోన్ చేసింది. నూకరాజు పేరుతో ఇద్దరొస్తే నేను ఇద్దర్నీ ఒకరిని చేసేశాను. రెండో ఆయన చీటీ మొదటాయన చీటీని చెరిపేసింది. మొదటాయనకి పెన్సిలిన్ పడదన్న మాట దాంతోపాటే పోయింది. సూది వేసేముందు ఎస్తేరు అలవాటుకొద్దీ, ఏమైనా మందులు పడవా అని అడగబట్టి ఆయన బతికాడు.

ఇందుమతి ఆ మధ్యాహ్నమే నాలోని తప్పు దిద్దింది. అనుమానం వస్తే కలపకుండా ఆగి అడిగేలా చేసింది. కానీ దిద్దింది తన దగ్గరున్న నన్నే. మిగతా చోట్ల నేను అప్పటికింకా ఆ తప్పుతోనే పనిచేస్తున్నాను.

"మనది సరిచేశాం కదమ్మా, ఇంకెందుకు?" అన్నాడు పైఅధికారి.

"వాళ్లకి ఇచ్చింది నేనే కదండీ," అంది.

నెలరోజులు కూర్చుని నాకో పేరు, ఎన్నో మార్పో తెలిపే వరస నంబరు పెట్టింది. నేనేం చేస్తానో, ఏం చేయలేనో తెలుగులో ఒక పేజీ రాసి జత చేసింది. అందరూ తీసుకునేలా నన్ను ఇంటర్నెట్‌లో ఒకేచోట ఉంచింది. ఇకమీదట ఏ మార్పయినా ముందు అక్కడ జరగాలి, నంబరు మారాలి, అందరికీ అందాలి. పదకొండు చోట్లకీ ఫోన్ చేసింది. పది చోట్ల సరేనన్నారు. పాయకరావుపేటలో రిజిస్టరు చూసే గుమస్తా సన్యాసిరావు మాత్రం, మాది బాగానే నడుస్తోందన్నాడు. ఆమె బస్సెక్కి వెళ్లి, పాత నన్ను తీయించి కొత్త నన్ను పెట్టించింది.

మర్నాడే ఆయన విసుగు మొదలైంది. ఇదివరకు చకచకా కలిపేసేదాన్ని, ఇప్పుడు ప్రతిదానికీ ప్రశ్నలేస్తున్నానట. అప్పలకొండ అన్న పేరు రెండోసారి రాగానే ఆగి, వీళ్లు ఒకరేనా అని అడిగాను. ఆయన గొణుక్కుంటూ లేచి, బెంచీల వైపు తిరిగి ఆ పేరు పిలిచాడు.

ఇద్దరు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.