చప్పుడు లేని మోటారు

ఉదయం ఆరింటికి యుగేందర్ హాల్లో లైటు వేసేసరికి ఐదడుగుల అద్దాల తొట్టిలో పదకొండు గోల్డ్‌ఫిష్‌లూ పక్కకు ఒరిగి నీటి మీద తేలుతున్నాయి.

అతను అరవలేదు. తొట్టి కింద ఉన్న చెక్క అల్మరా తలుపు తీశాడు. పంపు నడుస్తోంది. దాని కరెంటు డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతోంది. పైతొట్టి నుంచి గొట్టంలో దిగిన నీరు అల్మరాలోని చిన్న తొట్టిలో వడకట్టుకుంటోంది, పంపు దాన్ని మళ్లీ పైకి తోస్తోంది. ఎక్కడా తేడా లేదు. ఒక్క చేపా బతికిలేదు.

అవి అతని భార్య సుష్మిత చేపలు. మహబూబాబాద్‌లో కాపురం ఉన్నప్పుడు స్టేషన్ దగ్గర ప్లాస్టిక్ కవరులో రెండు పిల్లల్ని తెచ్చుకుంది. జనగామకు మారిన రోజు వాటిని బిందెలో వేసి, ఆ బిందెను దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఇక్కడికొచ్చాక ఒక్కొక్కటే కొని పదకొండు చేసింది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. చీరలు ఆమె చెల్లెలు తీసుకుపోయింది. గాజులు బీరువాలో ఉన్నాయి. ఇంట్లో ఆమెవని చెప్పుకోవడానికి నిన్నటిదాకా కదులుతూ ఉన్నవి ఈ పదకొండే.

అలికిడికి సాహితి లేచి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. తల్లి దహనం రోజు కూడా ఏడవని పిల్ల తొట్టి ముందు కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"నిన్న గీ అల్మరా తుడిచింది ఎవరు డాడీ?"

"రామక్క."

"ఇంకేముంది మరి."

"ఆగు. చూడనీ."

యుగేందర్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. చేపల్ని ఒక్కొక్కటిగా బేసిన్‌లోకి తీసి, పైన బట్ట కప్పి, టార్చి పట్టుకుని అల్మరాలోకి తల దూర్చాడు. రెండు సంగతులు కనిపించాయి. చిన్న తొట్టి అద్దం మీద, నీటికి నాలుగు వేళ్ల ఎత్తున, నలక అంటుకున్న కొత్త గీత ఉంది. పంపు స్విచ్చి ఆపి చూశాడు. పైన అంచు దాకా ఉన్న నీరు కొంత కిందికి దిగింది. చిన్న తొట్టిలో మట్టం పెరిగి, సరిగ్గా ఆ గీత దగ్గర ఆగింది.

అంటే రాత్రి పంపు ఆగింది. గంటల పాటు ఆగింది. ఇంట్లో ఫ్యాన్లు మాత్రం తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు పోలేదు. స్విచ్చిని ఎవరో నొక్కారు.

రెండోది, కరెంటు డబ్బా చుట్టూ చెక్క తడిసి ఉంది. చదరంగా, మడిచిన బట్ట అంత మేర.

"రామక్క తడిగుడ్డ," అంది సాహితి. "తుడుస్తానికి బంద్ చేసి మర్చిపోయింది. డాడీ, ఆమె ఈ ఇంట్ల ఉంటే నేను ఉండ. ఇయ్యాల్నే హాస్టల్‌కు పోత."

హాలు మూలన మంచం మీద యుగేందర్ తండ్రి పెద్దులు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు. తాగడం లేదు.

పది గంటలకు పనిమనిషి రామి వస్తుంది. ఈ ఇంట్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఏ సంగతీ తేల్చుకోవడానికి యుగేందర్‌కు నాలుగు గంటల టైముంది.

పంపు మార్చి వారమే అయింది. మార్చింది కూడా బాపు కోసమే. కోడలు పోయాక ఒంటరి కొడుకును చూసుకుందామని నర్సింహులపేట నుంచి వచ్చి, తొట్టి పక్కనే మంచం వేసుకున్నాడు. పాత పంపు ఇరవై నాలుగు గంటలూ గుర్రుమనేది. ఎప్పుడు చూసినా ముసలాయన మంచం మీద లేచి కూర్చుని ఉండేవాడు. చప్పుడుకే నిద్ర పట్టడం లేదనుకున్నాడు యుగేందర్.

బాపు నాట్ల పని చూసుకోవడానికి ఊరికి వెళ్లినప్పుడు యుగేందర్ బావమరిదికి ఫోన్ చేశాడు. సుష్మిత తమ్ముడు అజయ్ భూపాలపల్లిలో బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. వాళ్లింట్లో మూడు తొట్లున్నాయి.

"నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాలె బావా?"

"నాలుగడుగులు."

"అయితే గంటకు మూడువేల లీటర్లది తీస్కో, డీసీ కరెంటుది, సప్పుడు రాదు. సగం స్పీడు మీద నడుపు. చిన్నది తెచ్చి ఫుల్లు మీద వెడితే నీ లెక్కనే మొత్తుకుంటది."

"నేనెప్పుడు మొత్తుకున్న?"

"అక్కను అడుగు..." అని అజయ్ ఆగిపోయాడు.  వెంటనే మాట పంపు మీదికి మళ్లించాడు. "సప్పుడు ఒక్క మోటరుదే కాదు బావా. మోటరు తాకిన అద్దం వణుకుతది, అదీ సప్పుడు. కింద స్పాంజి ముక్క పెట్టు. గట్టి పైపు తీసి మెత్తటి గొట్టం ఎయ్యి. మంచి పంపు నడుస్తుందో లేదో చెవికి తెల్వది, కండ్లతోని చూసుకోవాలె. దాని కరెంటు డబ్బ వేడెక్కుడు మామూలే. ఇంట్ల అందరికి చెప్పు. ఇంకోటి, గాలి బుడగల మోటరు మాత్రం తియ్యకు. పెద్ద చేపలు, ఊపిరికి కావాలె."

అందరికీ చెప్పలేదు. సాహితికి చెప్పాడు, అంతే. బుడగల మోటారు కూడా జుయ్యిమంటోందని తీసి అటక మీద పడేశాడు. నీరు తొట్టిలోకి పడే చప్పుడు సైతం వినిపించకుండా గొట్టం మూతిని నీటి మట్టానికి కాస్త కిందికి దించాడు. నిన్న సాయంత్రం బాపు బస్సు దిగి వచ్చాడు. పంపు సంగతి యుగేందర్ ఎత్తలేదు. చెబితే, నా కోసం ఎందుకురా అంటాడు. పొద్దున లేచి, హాయిగా నిద్రపట్టిందిరా అని తనంతట తాను అంటే వినాలనుకున్నాడు.

పదింటికి రామి వచ్చింది. బేసిన్ మీది బట్ట తొలగించి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, చాందీ." తెల్లటి పెద్ద చేపకు సుష్మిత పెట్టిన పేరు అది. "ఏమైంది సారూ?"

"నిన్న అల్మరా తుడిచినవా రామక్కా?"

"తుడిచిన. రోజూ తుడుస్త గద."

"స్విచ్చి బంద్ చేసినవా?"

"నేనెందుకు చేస్త? దాని జోలికే పోను. అమ్మ ఉన్నప్పుడే చెప్పింది, ముట్టకని."

"మరి ఎవరు చేసిన్రు?" సాహితి గొంతు లేచింది. "చేపలే బయటికొచ్చి బంద్ చేసుకున్నయా?"

"బిడ్డా, మంచం పట్టిన మీ అమ్మకు మూడు నెలలు తల దువ్విన చేతులివి. మీ అమ్మ చేపలను సంపుతయా?"

"మర్చిపోయిన అను, చాలు. ఒక్క మాట."

"చెయ్యంది చేసిన అని ఎట్ల చెప్పాలె?"

ఇద్దరూ యుగేందర్ వైపు చూశారు. కూతురా, పనిమనిషా? అతను కళ్లు దించుకున్నాడు.

"రామక్కా, కొన్ని రోజులు... జర రాకు. పోరి మనసు కుదురుకోనియ్యి."

రామి వంటింట్లోకి నడిచింది. వంటింటి తలుపు వెనక కొక్కేనికి పనివేళ కట్టుకునే పాత చీర ఉంటుంది. దాన్ని తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. సుష్మిత ఇచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా కడిగి గట్టు మీద బోర్లించింది. ఆరేళ్ల కొలువు సర్దుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఆమె గడప మీద చెప్పులు వేసుకుంటుంటే యుగేందర్‌కు ఏదో తట్టింది. ఆరింటికి తను చూసినప్పుడు పంపు నడుస్తోంది.

"ఆగు రామక్కా. నిన్న ఎన్నింటికి పోయినవ్?"

"ఏడు గొట్టంగ. ఎందుకు?"

"ఇయ్యాల ఇంతకు ముందు వచ్చినవా?"

"లోపట గొళ్లెం ఉంటే ఎట్ల వస్త సారూ?"

నిజమే. పాలవాడి కోసం ఆరున్నరకు ఆ గొళ్లెం తీసింది తనే. స్విచ్చి ఎవరు ఆపారన్నది కాదు ప్రశ్న. ఆరింటిలోపు మళ్లీ వేసింది ఎవరు? ఆ టైముకు ఇంట్లో ఉన్నది ముగ్గురు. తను వేయలేదు. సాహితి నిద్రలో ఉంది.

కిటికీ ఊచల మీద బాపు తువ్వాల ఆరేసి ఉంది. చదరంగా మడిచిన మడతలు ఇంకా విడలేదు. అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.

యుగేందర్ నోరు తెరవకముందే పెద్దులు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"రామిని సంచి దింపమను బిడ్డా. నేనే బందు వెట్టిన. రాత్రి మీరు పండుకున్నంక అల్మర తీసి చూస్తె ఎర్రలైటు ఎలుగుతాంది, సప్పుడు లేదు. నీళ్లు పడుడు గూడ కనవడలే. ముట్టుకుంటే డబ్బ కాలుతాంది. మోటరు జామైంది, గిట్లనే వదిలితె తెల్లారేసరికి కాలిపోతదనుకున్న. నువ్వు పదోది సదివేటప్పుడు మన బాయికాడ గట్లనే రెండు మోటర్లు కాలినయ్, యాదికున్నదా? పొలమంత ఎండింది. లైటుండి సప్పుడు రాకుంటే ముందుగాల బందు వెట్టాలె. నా చేతికి అదొక్కటే తెలుసు. స్విచ్చి తీసి, తువ్వాల తడిపి మడిచి డబ్బ మీద ఏసిన. నిన్ను లేపుదామనుకున్న. కోడలు పోయినకాంచి నీకు నిద్ర లేదు, నిన్ననే జర పట్టింది, మనసొప్పలే. నాకు గూడ నిద్ర రాంది ఆ పాత మోటరుతోని కాదురా, నీ మీది రందితోని. నాలుగున్నరకు లేచి మల్ల ఏసి చూసిన. డబ్బ సల్లవడ్డది. గొట్టం కింద చెయ్యి వెడితె నీళ్లు దిగుతున్నయ్. బాగైందని సంబురపడ్డ. చీకట్ల పైకి చూడలే. నువ్వు లైటు ఏసినప్పుడే చెప్పాల్సింది. పోరి మొఖం చూసి నోరు రాలే. రామి పేరొచ్చినప్పుడు గూడ రాలే. ఆమె ఆ టిఫిన్ డబ్బ కడిగి బోర్లిస్తుంటె ఈడ చాయ్ పట్టుకొని కూసున్న. చేపలను తెల్వక సంపిన బిడ్డా. గిది మాత్రం తెలిసే చేసిన."