కట్ట మీద పొయ్యి

"మా ఆవిడకి నీళ్లంటే భయమండీ!" అన్నారు మా ఆయన, పడవలో కూర్చుని నవ్వుతూ. నేను కట్ట మీద గ్యాస్ స్టవ్ ముందు కూర్చుని బజ్జీలకి అరటికాయలు తరుగుతున్నాను.

మైలవరం దాటాక మా మామిడితోటలో చిన్న వాగుంది. దానికి అడ్డంగా మా మామగారు మట్టికట్ట వేయించారు. తోట తడుపుకోడానిక్కాదు, ఉత్త సరదాకి. తొక్కుడు పడవొకటి, ఈతకి దిగడానికి మెట్లు. వానలకి నిండిందంటే చాలు, ఆదివారం గవర్నర్‌పేట నుంచి ఆయన ఆఫీసు వాళ్లంతా దిగిపోతారు. వాళ్లకి పిక్నిక్కు, నాకు వంట. అదే వంటిల్లు, కాకపోతే గోడలుండవు.

భయమట, భయం! అవనిగడ్డలో మా ఇంటి వెనకే కాలవ. బడి వదిలితే పుస్తకాలు గట్టు మీద పడేసి దూకేదాన్ని. అమ్మ బెత్తం పట్టుకుని గట్టెంట పరిగెడితే అవతలి ఒడ్డు నుంచి వెక్కిరించేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఇక్కడ నీళ్లలోకి దిగబోతే అత్తయ్య చెయ్యి పట్టి ఆపారు. "మగాళ్ల ముందు తడిబట్టల్తో ఏం బావుంటుందమ్మా? ఎవరైనా అడిగితే భయమని చెప్పు." కొత్త కోడల్ని కదా, సరేనన్నాను. ఆ మాట పట్టుకుని ఈయన ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్తున్నారు. నిజంగానే నమ్ముతున్నారని ఈమధ్యే తెలిసి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా నిండా నీళ్లు, నేనేమో సెగ ముందు చెమటలు కక్కుతూ!

ఆఫీసులో కొత్తగా చేరిన శాంభవి ప్లేటు కోసం వచ్చి, "నిజంగా భయమా అండీ?" అంది. ఆ మాట నన్నే అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"లేదమ్మా. చచ్చేంత ఇష్టం" అన్నాను. అనేశాక ఇక ఆగబుద్ధి కాలేదు. స్టవ్ ఆపేశాను. చున్నీ నడుముకి బిగించి, మెట్ల మీంచి ఒక్క దూకు దూకాను.

అబ్బ, ఎంత చల్లగా ఉందో! చేతులు, కాళ్లు ఏదీ మర్చిపోలేదు. పడవ పక్కనుంచి పోతూ ఆయన మొహాన ఇన్ని నీళ్లు చిమ్మాను. కట్ట మీద శాంభవి ఈలేసింది.

"లలితా! ఏంటిది? అక్కడ లోతు!" అని అరిచారు. నేను మునగడం లేదని నమ్మకం కుదిరాక, "మరి బజ్జీలో?" అన్నారు.

వెల్లకిలా తేలుతూ చెప్పాను.

"పిండి కలిపే ఉంది. స్టవ్ వెలిగించుకుని వేసుకోండి. కాగే నూనంటే భయమా? ఫర్లేదండీ, వచ్చినవాళ్లందరికీ ఆ మాట నేను చెప్తాలెండి!"