మామాకు కనిపించే పచ్చ

వజీరాబీ కుడిచేయి మోచేతి పైదాకా నీళ్ళలో ఉంది. చేపలతొట్టి గాజుకు లోపలివైపు పట్టిన గోధుమరంగు పాచిని స్పాంజిముక్కతో పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి గీస్తోంది. పాచి పొడిపొడిగా రాలి ఇసుకమీద పడుతోంది. ఎర్రతోక చేపలు ఏడూ కొయ్యముక్క చాటుకు పోయి, ఆ చేయి ఎప్పుడు పైకి పోతుందా అని కాచుకుని ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, ఇంటి పెద్దావిడ మామాకు గహ్వా, అంటే అరబ్బు కాఫీ, కాచేలోపు ఆమె చేసే పని ఇది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. తొట్టి పెట్టిన మనిషి వెళ్ళిపోయింది కాబట్టి ఈమె చేతికి వచ్చింది.

పెట్టింది షమ్మా, ఈ ఇంటి మనవరాలు. ఇక్కడే అల్ ఐన్‌లో యూనివర్సిటీకి వెళ్ళే రోజుల్లో నాయనమ్మ గదిలో నాలుగడుగుల గాజుతొట్టి అమర్చి, ఇసుక పోసి, కొయ్యకు వెడల్పాకుల మొక్కలు దారంతో కట్టి, ముందువైపు సన్నగడ్డి నాటింది. నిరుడు పెళ్ళి చేసుకుని రస్ అల్ ఖైమా వెళ్ళింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి నాయనమ్మ ఎలా ఉందని అడుగుతుంది. గడ్డి ఎలా ఉందని కూడా అడుగుతుంది.

నాయనమ్మ పేరు మౌజా. ఎనభై దాటి ఎన్నేళ్ళో ఆమెకే తెలియదు. పనివాళ్ళంతా ఆమెను మామా, అంటే అమ్మా, అంటారు. వచ్చిన కొత్తలో వజీరాబీ ఊరికి ఫోన్ చేసి ఈ మాట చెబితే చెల్లెలు మస్తానమ్మ పడిపడి నవ్వింది. "ఆడమనిషిని పట్టుకుని మామా అంటావా మే?" అని. మామాకు ఇప్పుడు చూపు నడిమధ్య అంతా బొగ్గు పూసినట్టు ఉంటుంది. మనుషుల మొహాలు పోల్చలేక మూడేళ్ళయింది. వెలుతురు, రంగు, అవీ అంచుల్లో మాత్రం, కొద్దిగా అందుతాయి. అందుకే సోఫాలో ఓరగా, తొట్టివైపు చెంప తిప్పి, వేలికి తొడుక్కున్న జపం లెక్క యంత్రం నొక్కుకుంటూ కూర్చుంటుంది.

తొట్టిమీద రెండు ట్యూబులు ఉండేవి. ఒకటి పోయిన నెలే ఆరిపోయింది. చేయి తుడుచుకుని వజీరాబీ స్విచ్చి వేసింది. రెండోది ఒకసారి మినుకుమంది. అంతే. మళ్ళీ వేసింది. కొసలు నల్లబడిన గాజుగొట్టం అలాగే ఉండిపోయింది.

సోఫాలోంచి మామా అడిగింది. "యా వజీరా, నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"ఉన్నాయి మామా. లైటు పోయింది," అంది వజీరాబీ అరబ్బీలో.

"నీళ్ళు పోయాయి," అంది ముసలామె మళ్ళీ. ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ఇంట్లో ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయారని చెప్పినట్టు అంది.

మామా కూతురు ఫాతిమా బడిలో ప్రిన్సిపాల్. హడావిడిగా అబాయా తొడుక్కుంటున్న ఆవిడకు వజీరాబీ నడవలో ఎదురుపడి సంగతి చెప్పింది. "డ్రైవర్‌ను తీసుకెళ్ళి కొత్తది తెచ్చెయ్యి," అంది ఫాతిమా.

"ఎలాంటిది మేడం?"

"నాకేం తెలుసు? నువ్వే చూసి తీసుకో. ఆ గదిలో కూర్చునేది నువ్వే కదా."

కారు వెళ్ళిపోయాక కూడా వజీరాబీ నడవలోనే కాసేపు నిలబడింది. ఈ ఇంటికి వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఏ బియ్యం వండాలో, ఏ సబ్బు వాడాలో, ఈద్‌కు తను కట్టుకునే గుడ్డలు ఏ రంగువో, అన్నీ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఊళ్ళో అందరూ దుబాయ్ అనే ఈ దేశానికి రావాలని కూడా ఆమె అనుకోలేదు. మొగుడు పోయిన ఏడాది తిరక్కుండానే బావ పాస్‌పోర్టు చేయించి చేతిలో పెట్టాడు. రాయచోటి దగ్గర బస్సెక్కిన మనిషి నాలుగుసార్లు సెలవుకు వెళ్ళి వచ్చింది. ప్రతిసారీ ఇంట్లో ఒకరు తగ్గి ఉండేవారు. పోయిన రంజాన్ నెలలో మస్తానమ్మ కూడా పోయింది. అప్పటినుంచి ఆమె ఊరికి ఫోన్ చేయలేదు. ఊరినుంచి ఎవరూ ఆమెకు చేయలేదు.

సనాయియాలో, అంటే పారిశ్రామికవాడలో, గ్యారేజీల వరస దాటాక ఉంది చేపల దుకాణం. డ్రైవర్ అబ్దుల్ రహీం పెషావరు మనిషి. "జల్దీ ఆనా బాజీ," అని తొందరగా రమ్మని చెప్పి కారు నీడలో నిలుపుకున్నాడు. లోపల చల్లగా, చీకటిగా ఉంది. గోడల పొడుగునా తొట్లు, గాలిబుడగల చప్పుడు. వెనకవైపు ఒక మొత్తం గోడకు లైట్లు వేలాడదీసి ఉన్నాయి. పొట్టివి, పొడుగువి, వంచిన కాళ్ళవి, నల్లవి, వెండిరంగువి. వజీరాబీ వాటిని ఒక కొసనుంచి చూస్తూ పోయి మధ్యలో ఆగిపోయింది.

"యా అల్లా, ఎన్ని రకాలుండాయో," అనుకుంది పైకే.

నిచ్చెనమీద ఉన్న మనిషి వెనక్కి తిరిగాడు. నెరిసిన గడ్డం, మెడలో తువ్వాలు, తడిసిన పంట్లాం. "యా ఊరక్కా మనది?" అన్నాడు.

ఆమె నోటికి ముందు అరబ్బీ వచ్చింది, తర్వాత ఉర్దూ. అవి పక్కకు జరిగాక తెలుగు వచ్చింది. "రాయచోటి పక్కన."

"మాది కదిరి. హయాత్ బాషా." అతను దిగి చేతులు తుడుచుకున్నాడు. "చెప్పక్కా, ఏం కావాల?"

ఆమె సంచిలోంచి కాగితంలో చుట్టిన పాత ట్యూబు తీసింది. అతను దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇవి యాడా దొరకవు ఇప్పుడు. అంతా ఎల్‌ఈడీనే. తొట్టి ఎంత పొడుగు?"

"నాలుగడుగులు. లోతు నా మోచెయ్యి దాటి మునుగుతాది."

"ఊరికే చేపలేనా, చెట్లుండాయా?"

"చెట్లే అన్నా. చేపలు ఏడే." ఫోన్‌లో ఫొటోలు చూపించింది. అతను కళ్ళజోడు పైకి తోసి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు.

"కొయ్యకు కట్టిన ఈ వెడల్పాకు మొండిది. మసక వెల్తురున్నా బతుకుతాది. ముందర ఈ సన్నగడ్డి ఉండాదే, దీనికి బలమైన లైటు పడాల. లేకుంటే పసుపెక్కి లేచిపోతాది." మొక్కలున్న ఒక తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, దానిపైన మూడు లైట్లు వరసగా పెట్టాడు. "ఒకటొకటే వేస్తా, చూడు."

మొదటిది వేయగానే నీళ్ళు తెల్లగా భగ్గుమన్నాయి. తెలుపులో నీలం ఉంది. ఇసుకరేణువులకు కూడా నీడలు పడ్డాయి. "చెట్లకు ఇదే మేలు. గడ్డి చాప మాదిరి అల్లుకుంటాది." రెండోదానిలో ఎరుపు ఎక్కువ. ఎర్రాకులు నిప్పుల్లా మెరిశాయి, చేపలు కొత్తగా రంగు వేసినట్టు కనిపించాయి. "అందం కోరేవాళ్ళు ఇది తీసుకుంటారు." మూడోది మెత్తగా ఉంది. పొద్దెక్కాక కిటికీలోంచి పడే ఎండలా. "ఇది బలం తక్కువ. వెడల్పాకుకు చాలు. గడ్డికి చాలదు."

"మనిషికి ఏది మేలు అన్నా?"

"యా మనిషికి?"

"చూసే మనిషికి. ముసలామె. కండ్లు సరిగా లేవు."

హయాత్ బాషా కళ్ళజోడు కిందికి దించి ఆమెను చూశాడు. కొనడానికి వచ్చినవాళ్ళు మొక్కల గురించి అడుగుతారు, కరెంటు గురించి అడుగుతారు. ఈ మాట అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

వజీరాబీ తలమీది నల్లటి ముసుగు కొంగును రెండు మడతలు వేసి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. బొటనవేలితో నడిమధ్య మరికాస్త నొక్కి పట్టి, మామాలాగే చెంప ఓరగా తిప్పింది. "ఇప్పుడు వెయ్యన్నా."

మొదటి లైటులో గుడ్డ వెనక ఒక తెల్లటి మంట తప్ప మరేమీ లేదు. రెండోదానిలో అంతా కలిసిపోయి, షర్బత్ ఒలికినట్టుంది. మూడోది వేసినప్పుడు ఆమె మెడ ఇంకాస్త ఓరగా తిప్పింది. నల్లటి గుడ్డ అంచున, చాలా కిందుగా, ఒక పచ్చ ఉంది. ఆకులు లేవు, నీళ్ళు లేవు, చేపలు లేవు. ఉన్నదల్లా పచ్చ. అది మెల్లిగా ఊగుతోంది.

"ఇది," అంది.

"గడ్డి పోతాదక్కా. ముందే చెప్తాండా."

"పోతే పోనీ అన్నా. షమ్మాకు నేను చెప్పుకుంటా."

అతను లైటును అట్టపెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు. వజీరాబీ గొంతు సవరించుకుంది. "ఇంకోసారి వేసి చూపిస్తావా అన్నా, మూడూ? ఏది ఏందో మళ్ళా చెప్పు."

ఎంచుకోవడం అయిపోయిందని ఇద్దరికీ తెలుసు. అతను పెట్టె పక్కన పెట్టి మొదటి లైటు వేశాడు. ఈసారి నిదానంగా, ప్రతిదీ విడమరిచి చెప్పాడు. చెట్లకు రోజుకు ఎనిమిది గంటల వెలుతురు చాలని, ఎక్కువైతే పాచి కమ్ముతుందని, తను కూడా మొదట్లో తెలియక ఒక షేక్ గారి తొట్టినంతా పాచి పట్టించి తిట్లు తిన్నానని చెప్పాడు. వజీరాబీ లైట్లను చూడలేదు. తల కొంచెం వంచి, ఊరి మాటలు ఒక్కటీ కింద పడకుండా వింది. బయట హారన్ మోగేదాకా.

"ఊరికేనైనా వస్తా ఉండక్కా," అన్నాడు హయాత్ బాషా వాకిట్లో. ఆమె తల ఊపింది.

మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యేసరికి లైటు తొట్టి అంచులమీద కాళ్ళు ఆనించి నిలబడింది. గదిలో ఇంకెవరూ లేరు. మామా భోజనం రెండు ముద్దలకే చాలించి సోఫాలో వాలి ఉంది. వజీరాబీ కర్టెన్లు మూసి స్విచ్చి వేసింది.

ముసలామె మొహం తిప్పింది. ఒక చెంప, తర్వాత రెండో చెంప. ముడతల మధ్య పెదవులు కదిలాయి.

"ఫలజ్ తెరిచారా?" అంది.

తోటల్లో ఖర్జూరపు చెట్ల మొదళ్ళకు వంతులవారీగా నీరు తెచ్చే పాతకాలపు కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు. మామా పుట్టింది ఆ తోటల మధ్యే. వజీరాబీ "తెరిచారు మామా," అంది.

"మన వంతు వచ్చిందన్నమాట. మా నాన్న నీడ కొలిచి గడియ చెప్పేవాడు. నేను కాలువలో బోర్లా పడుకుని కళ్ళు తెరిచేదాన్ని. కిందంతా పచ్చగా ఉండేది. చిన్న చేపలు కనురెప్పలు పొడిచేవి." ఆమె చేయి చాచి పక్కనున్న దిండును తట్టింది. "కూర్చో."

వజీరాబీ అలవాటుగా తివాచీమీద కూర్చోబోయింది.

"కింద కాదు. ఇక్కడ. నీకు కనబడొద్దా?"

పంతొమ్మిదేళ్ళలో ఆ సోఫాను ఆమె తుడిచింది, జరిపింది, కవర్లు మార్చింది. ఇప్పుడు అంచుమీద కూర్చుంది. ఇద్దరూ తొట్టివైపు చూస్తూ ఉన్నారు. చేపలు కొయ్యచాటునుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"మీ ఊళ్ళో నీళ్ళు ఉన్నాయా, వజీరా?" అడిగింది మామా.

"లేవు మామా. వాన పడితే ఒక వంక పారుతుంది. అంటే చిన్న ఏరు. నాలుగు రోజులు."

"చెప్పు."

ఆమె అరబ్బీలోనే మొదలుపెట్టింది. వంక పారిన రోజు ఊళ్ళో ఎవరూ పనికి పోరని, తనూ చెల్లెలూ ఓణీ చెరోవైపు పట్టుకుని చేపపిల్లల్ని దేవేవాళ్ళని చెప్పింది. ఓణీకి, దేవడానికి, ఇసుకలో తవ్వే చెలమకు అరబ్బీలో మాటలు దొరకలేదు. తెలుగు మాటలు పెట్టింది. వాటి వెనక మిగతావీ వచ్చేశాయి. "మస్తానికి భయం మామా. కాలికింద ఇసుక జారితే నన్ను గట్టిగా కరుచుకునేది. వదల్మే, చేపలు పోతాండాయి అంటే వదిలేది కాదు. నీకేం మే, నువ్వు ఈదుతావు, నేను పోతే ఎవురు తెస్తారు నన్ను అనేది. మొన్న అది పోతే నేను పోలేదు. టిక్కెట్టు తీసేలోపు మట్టి చేసేసినారంట. ఈ ఇంట్లో ఎవురికీ చెప్పలే. ఆ పొద్దు కూడా మీకు గహ్వా కాచినా, తొట్టి తుడిచినా..."

ఎంతసేపు మాట్లాడిందో ఆమెకు తెలియలేదు. మాటల్లో ఊరు పోయింది, మొగుడు వచ్చాడు, పోయాడు, మొదటిసారి విమానంలో కింద మబ్బులు చూసి దూదిపింజలు అనుకున్న సంగతి వచ్చింది. ఒక్కసారి కూడా మామా ఆపలేదు. చివరికి గొంతు ఎండి, "చాలులే మామా, మీకు నిద్ర వస్తాంది," అని పక్కకు చూసింది.

మామా చెంప ఓరగా తొట్టివైపే ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. వాటిలో పచ్చటి వెలుగు చుక్క ఒకటి ఉంది, అది ఊగుతోంది కానీ కళ్ళు ఊగడం లేదు. వజీరాబీ ఆమె చేయి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ముంజేతిమీద, మెడ పక్కన, ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. వంక దగ్గర ఉన్నప్పుడు పోయిందో, విమానం దగ్గర పోయిందో తెలియలేదు. దేవుడు ఒక్కడే అని చెప్పే కలిమాను ఆమె చెవిలో మెల్లిగా చెప్పి, ఆ కళ్ళు మూసి, కాళ్ళు సరిచేసి, అప్పుడు లేచి ఫాతిమాకు ఫోన్ చేసింది.

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. అంబులెన్సు వచ్చింది, డాక్టరు వచ్చాడు, వాకిలినిండా కార్లు నిలిచాయి. ఆడవాళ్ళు స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు మామాను మసీదుకు తీసుకుపోయారు. వజీరాబీ వంటింట్లో గహ్వా కాస్తూనే ఉంది. మధ్యలో ఫాతిమా లోపలికి వచ్చి ఆమె భుజంమీద చేయి వేసింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బాయి.

"చివర్లో ఏమైనా అందా?"

"ఫలజ్ తెరిచారా అని అడిగింది మేడం."

ఫాతిమా కాసేపు గోడకు ఆనుకుంది. తర్వాత మంచిగానే అంది. "నువ్వు చాలా చేశావు వజీరా. ఇక మీ ఊరికి వెళ్ళి మీవాళ్ళ దగ్గర హాయిగా ఉండు. ఈ మూడు రోజుల సంతాపం గడవనీ, మాట్లాడదాం."

"సరే మేడం," అంది వజీరాబీ. పొంగబోతున్న గిన్నెను మంటమీదినుంచి దించింది.

వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గది సర్దమన్నారు. ఆమె వెళ్ళి సోఫా దిండ్లు ఒక్కొక్కటే ఎత్తి దులిపింది. మామా తల ఆనించిన దిండు కింద, మూలన, వేలికి తొడుక్కుని జపం లెక్కించే చిన్న ప్లాస్టిక్ యంత్రం పడి ఉంది. బొత్తాం ఒక్కసారి నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. దాని పట్టీ ముసలామె వేలికి అలవాటైన వంపులోనే ముడుచుకుని ఉంది. వజీరాబీ దాన్ని బొత్తాం తగలకుండా అంచులు పట్టుకుని ఎత్తి, అరచేతిలో పెట్టుకుంది. వేలిగోరంత తెరమీద, మామా ఆఖరిసారి నొక్కినచోటే, నాలుగువందల పన్నెండు అని ఉంది.