పెదాల మధ్య గుండుసూదులు

దర్జీ అమ్మమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. "మూడేళ్ళు నిండినా మీ మనవరాలికి ఒక్క మాటా రాలేదేం?" అని పిల్లల డాక్టరమ్మ అడగగానే ఆవిడ మీద గయ్యిమంది.

"రాకపోతేనేం? దానికేం కావాలో నాకన్నీ తెలుస్తాయి!"

చెవుల్లో ఏ లోపమూ లేదని పరీక్షల్లో తేలింది. బుల్లి మాత్రం ఏమడిగినా పెదాలు బిగించి "ఊఁ" అనో, "ఊఁహూఁ" అనో ఊరుకుంది.

వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం చేస్తున్న బుల్లి తల్లి ఆ సాయంత్రమే ఫోన్లో తెగేసి చెప్పింది. "రెండు నెలలు చూస్తానమ్మా. అప్పటికీ మాట రాకపోతే తీసుకొచ్చేసి ఇక్కడ క్రెష్‌లో వేస్తాను. పదిమంది పిల్లల్లో ఉంటే అదే వస్తుంది."

అమ్మమ్మ ఫోను పెట్టేసి బుల్లిని ఒళ్ళోకి లాక్కుంది. ఏడు నెలల పసిగుడ్డుగా చేతికొచ్చిన పిల్ల మరి.

మర్నాడు ఒకావిడ గౌను పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. అమ్మమ్మ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అంచుకి గుచ్చుతోంది.

"ఇంకాస్త పైకా?" అని అడిగింది ఆవిడ.

"ఊఁహూఁ," అంది అమ్మమ్మ సూదుల మధ్య నుంచే.

"ఇక్కడికి చాలా?"

"ఊఁ."

గదిమూల నుంచి ఇంకో "ఊఁ" వినిపించింది. బుల్లి కూడా బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు బిగించి, లేని సూదులు తీసి గుచ్చుతోంది.

అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా పొద్దున్న నుంచి పొద్దుగూకేదాకా ఆ నోట్లో సూదులే. పిల్ల మూగదేం కాదు. ఇంట్లో వినబడే భాషే పొల్లుపోకుండా నేర్చేసుకుంది. అమ్మమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ పూటే సూదులన్నీ మణికట్టుకి కట్టుకున్న గుడ్డదిండులోకి మారాయి. అలవాటుకొద్దీ చెయ్యి నోటిదాకా వస్తే తన చెంప తనే వాయించుకునేది. పని సగానికి పడిపోయింది, వచ్చినవాళ్ళు సణిగారు. సణగనీ అనుకుంది. "ఇది గుండీ. ఇది కత్తెర, ముట్టుకున్నావో చూడు. ఇది దారం, మళ్ళీ తెగి చచ్చింది" అంటూ రోజంతా వాగుతూనే ఉంది. పక్కవాటా ఆయన ఆవిడకి మతి చలించిందనే తేల్చేశాడు.

అంతకన్నా కష్టం, అర్థం కానట్టు నటించడం. బుల్లి అలమర మీది బంతికేసి వేలు చూపిస్తే, "ఏంటీ? నోరు తెరిచి చెప్పు" అనేది. పిల్ల ఏడ్చింది. అమ్మమ్మ వంటింట్లోకి పోయి తనూ ఏడ్చింది. బంతి మాత్రం దించలేదు. నాలుగో వారానికి "బం" అనే ముక్క ఊడిపడింది. తర్వాత "దారం". ఆ తర్వాత "తెగి చచ్చింది", అదీ స్పష్టంగా.

గడువుకి ఇంకా పది రోజులున్నాయనగా ఫోను మోగింది. అమ్మమ్మ గర్వంగా ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టి, గుండీ చూపించింది. "ఇదేంటో మీ అమ్మకి చెప్పు."

బుల్లి గుండీ వంక చూడనైనా లేదు.

"అమ్మా," అంది. "రా."

అలా పిలవమని ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్ళూ పిల్ల లోపల ఆ కోరిక ఉందని అమ్మమ్మకి తెలియనే తెలియదు. ఫోను లాక్కుని మాట మార్చేయొచ్చు.

అమ్మమ్మ ఫోనుని పిల్లకి ఇంకా దగ్గరగా జరిపింది.

"మీ అమ్మకి వినపడలేదేమో. ఇంకోసారి గట్టిగా చెప్పు తల్లీ."