చిరుత కళ్ల ఉంగరం

నేను ఒక బంగారు ఉంగరాన్ని. నా మీద ఒక చిరుతపులి ఒళ్లు విరుచుకుని పడుకుని ఉంటుంది. దాని కళ్లు రెండు వజ్రపు రవ్వలు. నూట ముప్ఫై ఏళ్లుగా అది రెప్ప వేయలేదు. అది చూసిందంతా నేనూ చూశాను.

నేను పుట్టకముందు నా బంగారం సుభద్రయ్యమ్మగారి చేతి గాజులు. గోదావరి పక్కన ఒక చిన్న జమీ. ఆవిడ ఆ జమీందారు జగపతిరాజుగారి చెల్లెలు. పందొమ్మిదో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చింది. ఆవిడ ఒంటి మీది నగలన్నీ తీయించి పెట్టెలో పెట్టించారు. మనిషికి కూడదన్న బంగారం పెట్టెకు మాత్రం కూడుతుంది కాబోలు!

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ కంసాలి వీరాచారిని పిలిపించింది. ఘోషా ఇల్లు కనుక తెరకు అటు ఆవిడ, ఇటు అతను. తెర కింద నుంచి రెండు గాజులు, రవ్వల కమ్మలు జరిగి వచ్చాయి.

"ఉంగరం చెయ్యాలి ఆచారీ. దాని మీద చిరుతపులి ఉండాలి."

"ఎవరి వేలికండి అమ్మగారూ?"

"నా వేలికే."

ఆచారి ఆ గాజులను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "నేను చిరుతను ఎప్పుడూ చూళ్లేదండి" అన్నాడు.

ఆవిడ చూసింది. పెళ్లయి పడవలో అత్తవారింటికి వెళుతుంటే, కొండల నడుమ, మంచు ఇంకా విడవని వేళ, ఒక చిరుత నీళ్లు తాగి తలెత్తి ఆవిడకేసి చూసిందట. పడవవాళ్లు కేకలు వేశారు. అది బెదరలేదు. నింపాదిగా చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది. తెర వెనక నుంచి ఆ గొంతు చెబుతూ ఉంటే ఆచారి కళ్లు మూసుకుని విన్నాడు. ఆ విన్నదానిలోంచే నేను పుట్టాను. నిజం చెప్పాలంటే, నా చిరుత కాస్త పిల్లిలా ఉంటుంది.

మొదట్లో తలుపు వేసుకుని ఒంటరిగా ఉన్నప్పుడే నన్ను పెట్టుకునేది. కిటికీలోంచి ఎండ పడితే నా కళ్ల వెలుగు గోడ మీద నీటి అలలా కదిలేది. దాన్నే చూస్తూ కూర్చునేది. ఆ గదిలోకి నది వచ్చి మెల్లగా పారుతున్నట్టుండేది నాకు.

అన్నగారి కొడుకు బారసాలనాడు మాత్రం నన్ను పెట్టుకునే వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. గుసగుసలు లేచాయి. జగపతిరాజుగారు పక్కగదిలోకి పిలిచారు.

"తీసెయ్ సుభద్రా. నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి అన్నయ్యగారూ. ఇవి నా గాజులేనండి. ఆనాడు తియ్యమంటే తీశాను. ఇప్పుడు తియ్యలేను."

గొంతు నిలకడగానే ఉంది. బొటనవేలితో నన్ను వేలి మొదట్లోకి అదిమి పట్టిందని నా ఒక్కదానికే తెలుసు.

ఆయన గది దాటి వెళ్లిపోయారు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆవిడతో ఒక్క మాటా అనలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, పదకొండేళ్లు!

చివరికి ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆవిడే అన్నం మెత్తగా కలిపి తినిపించేది. ఒక ఉదయం ఆయన ఎడమ చేత్తో ఆవిడ వేళ్లు పట్టుకుని, నన్ను తడిమి తడిమి, ముద్దగా అన్నారు:

"పిల్లి కదూ?"

"చిరుతండి, అన్నయ్యగారూ."

"కాదు. పిల్లి."

ఆవిడ నవ్వేసింది. ఆయనా నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నన్ను తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కాసేపు అలాగే పట్టుకుని, తడబడే ఆ ఒక్క చేత్తోనే నన్ను మళ్లీ ఆవిడ వేలికి తొడిగారు.

ఆవిడ పోయాక నేను ఇనప్పెట్టెలో పడ్డాను. జగపతిరాజుగారి మునిమనుమలు కత్తులతో, పల్లకీ కొమ్ములతో పాటు నన్నూ మ్యూజియానికి ఇచ్చేశారు. ఇప్పుడు నా ముందు ఒక అట్టముక్క ఉంది: "వేటకు గుర్తుగా జమీందారు ధరించిన ఉంగరం." చదువుకున్నవాళ్లు వచ్చి, చదివి, తల ఊపి వెళుతుంటారు.

అద్దాలు తుడవడానికి రోజూ పొద్దున్నే దీవెనమ్మ వస్తుంది. మొన్న ఆ అట్టను కూడబలుక్కుని చదివింది. తన చిటికెనవేలు అద్దానికి ఆనించి, నాతో కొలిచి చూసుకుంది.

"జమీందారుదంట!" అంది తోటి మనిషితో. "సూడవే, నా సిటికెనేలుకే బిగుతుగుంటది. ఇది ఆడమడిసిదే. ఎంత ముచ్చటపడి సేయించుకుందో, మారాజు తల్లి!"