దమయంతి మూర

శనివారం తొమ్మిదింటికి డైరెక్టర్ రతనా మ్యూజియం గేటు తీస్తుంది. ఇర్వింగ్ నుంచి గంటసేపు డ్రైవ్ చేస్తే పశువుల బీళ్ల మధ్య ఏడు థాయ్ ఇళ్లు కనిపిస్తాయి. ఎవరో ఆయిల్ బావుల ఆసామి మోజుపడి, ఒక్క మేకు లేకుండా బిగించిన ఆ టేకు ఇళ్లను విప్పించి, ఓడలో తెప్పించి, టెక్సాస్ ఎండలో మళ్లీ నిలబెట్టాడు. వాలంటీర్లు నేల తుడుస్తారు, మెట్ల దగ్గర చెప్పుల బుట్టలు పెడతారు. నాలుగో ఇంటి ముందు మాత్రం బోర్డు సరిచేసి వెళతారు: ఈ ఇంటిని చేత్తో కొలవకండి.

నాలుగో ఇల్లు ఎవరి మూరతో కొలిస్తే వాళ్ల మూరకు ఒదుగుతుంది. పూర్వం థాయ్ ఊళ్లలో ఇంటావిడ మోచేయే కొలబద్ద. మిగతా ఇళ్లు ఆ అలవాటు మానుకున్నాయి, ఇది మానలేదు, అంతే. 2006లో స్కూల్ ట్రిప్‌కి వచ్చిన ఒక పాప సరదాకి గుమ్మం కొలిచేసరికి వాలంటీర్లు రెండు రోజులు పాకుతూ తుడవాల్సి వచ్చింది. అప్పుడు ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేస్తున్న దమయంతి అక్కడుంటే, కాస్త నువ్వు కొలమ్మా అన్నారు. కొలిచింది. గుమ్మం ఎప్పుడూ నాలుగు మూరలే. దమయంతి మూర పదహారు అంగుళాలు. అప్పట్నుంచి ఆ గుమ్మం ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. మర్నాడే బోర్డు పెట్టారు, ఆమె తప్ప మళ్లీ ఎవరూ కొలవలేదు.

ఆ ఇల్లే దమయంతి థీసిస్. ప్రాజెక్ట్ పార్ట్‌నర్ రాజ్‌ది వరంగల్, ఆమె ఉండే అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండేవాడు. ఏడు ఆదివారాలు రమ్మంటే ఏడుసార్లూ నడుం నొప్పి అన్నాడు. కొలతలన్నీ ఆమె మూరల్లో రాసుకొచ్చి డ్రాయింగులు వేసింది. అతను వాటిని తన లాప్‌టాప్‌లోకి లాక్కుని, మూర అంటే అడుగున్నర అని లెక్కగట్టి, ఆమెకంటే వారం ముందే తన పేరుతో సబ్మిట్ చేశాడు. తేదీలు చూసిన ప్రొఫెసర్ కాపీ కొట్టింది దమయంతే అన్నాడు. యూనివర్సిటీ ఆమెను తీసేసింది, దాంతో వీసా పోయింది. డీఎఫ్‌డబ్ల్యూలో విమానం ఎక్కేటప్పుడు రాజ్ ఫోన్ కూడా ఎత్తలేదు.

మళ్లీ రావడానికి ఆమెకు నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన నోవైలో మనుషుల కొలతలకు కారు సీట్లు డిజైన్ చేసే ఉద్యోగం. 2013 మేలో మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒక వార్త చూసింది. నాలుగో ఇంటిని కొలిచి గీసిన రాజ్‌ని చీఫ్ ఆర్కిటెక్ట్‌గా తీసుకుంటున్నారు, గ్రీన్ కార్డ్ వాళ్లే ఫైల్ చేస్తారు, శనివారం అందరి ముందూ సంతకాలు. ఆ రాత్రే టికెట్ బుక్ చేసింది. పోనీలే పాపం అనుకునే రకం కాదు దమయంతి. ఏడేళ్లుగా ఉప్పూ కారం వేసి ఊరబెట్టిన పగ అది.

శనివారం జనంలో వెనగ్గా నిలబడింది. మూడేళ్ల కిందట డైరెక్టర్‌గా వచ్చిన రతనాకి రాజ్ పేరూ, డ్రాయింగులూ మాత్రమే తెలుసు, మనిషిని చూడటం అదే మొదలు. ఇంటిని చూపించమని ఆమె అడిగింది. సూటు వేసుకున్న రాజ్, ఆరడుగుల మనిషి, దర్జాగా మెట్లెక్కి, పేజీలు పేజీలు రాసిన గుమ్మానికి టంగుమని తల కొట్టుకున్నాడు. డ్రాయింగులో ఇది ఆరడుగులుందే అంది రతనా. కలప కదా, ఎండకి కుంచించుకుపోయి ఉంటుందన్నాడు, నుదురు రుద్దుకుంటూ.

దమయంతి ముందుకొచ్చింది. "ఒక్కసారి కొలువు రాజ్. నువ్వు కొలిచిన ఇల్లేగా."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వెప్పుడొచ్చినవ్?"

"నిన్న. కొలువు."

రతనా తన చేత్తోనే బోర్డు తీసి పక్కన పెట్టింది. ఆఖరున కొలిచిన చెయ్యే మళ్లీ కొలిస్తే ఇల్లు కదలదు, ఇందులో భయం ఏముంది అంది. రాజ్‌కి ఆ సంగతే తెలియదు. దమయంతి దాన్ని నోట్సులో తెలుగులో రాసుకుంది, అతను డ్రాయింగులే లాక్కున్నాడు గానీ నోట్సు చదివే ఓపికెక్కడిది. ఇంతమంది చూస్తుంటే తప్పక, ద్వారబంధానికి మోచెయ్యి ఆనించి ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాడు.

ఇల్లు మూలిగింది. గుమ్మం ఒక అడుగు ఎత్తు పెరిగింది, కప్పు ఎత్తయింది, చెప్పుల బుట్టలు జరిగిపోయాయి. ఒక వాలంటీరు తన కాఫీ కప్పు తీసి పక్కన పెట్టుకున్నాడు. రతనా ఆఫర్ లెటర్ మడిచి ఫైల్లో పెట్టేసింది. మీరు ఈ ఇంటిని ఇవాళే మొదటిసారి కొలిచారు అంది, గొంతు పెంచకుండా. మరి అంతకుముందు కొలిచిందెవరని అడిగింది. దమయంతి చెప్పింది. యూనివర్సిటీకి తనే రాస్తానంది రతనా.

జనం కళ్లు తప్పించుకోడానికి రాజ్ గబుక్కున ఇంట్లోకి దూరాడు. ఇంత ఎత్తు ఇల్లు మాకొద్దు, మళ్లీ నువ్వే కొలవమని దమయంతితో అంది రతనా. అతను బయటికొచ్చేదాకా ఆగొచ్చు. దమయంతి ఆగలేదు. గుమ్మం బయట నిలబడి, తొందరపడకుండా, నాలుగు మూరలు వేసింది.

గుమ్మం దిగింది. లోపల్నుంచి రాజ్ పిలిచాడు.

"దమయంతీ, కొంచెం జరుగు. బయటికి రావాలె."

ఆమె జరగలేదు. ఆ ఇంటికి వేరే గుమ్మం లేదు. కాసేపటికి ఆరడుగుల మనిషి ఆమె పాదాల వైపు తల వంచి బయటికొచ్చాడు. దమయంతికి హాయిగా ఉంది, ఆ హాయికి ఆమె సిగ్గుపడలేదు.